కూలిన కప్పు కనిపిస్తుంది.. బీటలువారిన గోడ కనిపించదు

* భూకంప నష్టంపై ఉపగ్రహం చెప్పేది ఎంత?
* కిల్లారి నుంచి మయన్మార్‌ వరకు అనుభవాలు
* చెరకు సీమలో ముందుజాగ్రత్తే కీలకం

బోధన్‌: భూకంపం అనగానే అది హిమాలయాలకో, గుజరాత్‌కో సంబంధించిన విపత్తు అని జిల్లా వాసులు భావించడం పరిపాటి. అయితే దక్కను పీఠభూమి చరిత్రలోనే అత్యంత విషాదకరమైన భూకంపం సంభవించిన కిల్లారి గ్రామం బోధన్‌కు ఎంతో దూరంలో లేదు. సూటిగా కొలిస్తే సుమారు 150 కిలోమీటర్లు. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున 3.56 గంటలకు అక్కడ భూమి కంపించింది. వినాయక నిమజ్జనం ముగించుకొని గాఢనిద్రలో ఉన్న పల్లెలు క్షణాల్లో శిథిలాల దిబ్బలుగా మారాయి. అధికారిక లెక్కల ప్రకారమే 7,900 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తీవ్రత 6.2. ప్రపంచ స్థాయిలో చూస్తే ఇది మధ్యస్థ భూకంపమే. మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటిపై దూలాలు పరచి మందంగా మట్టి కప్పిన మిద్దెలే అక్కడ మృత్యుపాశాలయ్యాయి.

అటువంటి విపత్తు తలెత్తినప్పుడు ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లు కూలాయి, ఏ దారి మూసుకుపోయింది, సహాయ బృందాలు మొదట ఎటు వెళ్లాలి అన్న ప్రశ్నలకు మొదటి 48 గంటల్లో సమాధానం దొరకాలి. ఆ తరువాత ఎవరికి ఎంత పరిహారం అన్న ప్రశ్న వస్తుంది. ఈ రెండింటికీ ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలను ఆధారం చేసుకుంటున్నారు. రిమోట్‌ సెన్సింగ్‌గా వ్యవహరించే ఈ దూరగ్రాహక విజ్ఞానానికి దేశంలో కేంద్రస్థానం హైదరాబాద్‌లోనే ఉంది. బాలానగర్‌లోని జాతీయ రిమోట్‌ సెన్సింగ్‌ కేంద్రం, షాద్‌నగర్‌లోని దాని ఉపగ్రహ సమాచార స్వీకరణ కేంద్రం ఈ బాధ్యతలు నిర్వర్తిస్తున్నాయి. ఆ విజ్ఞానం ఏం చూడగలదు, ఏం చూడలేదు అన్నది తెలుసుకోవడం జిల్లా ప్రజలకు ఎంతో అవసరం.

జోన్‌ తక్కువే.. నిర్లక్ష్యం తగదు

భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో వెలువరించిన భూకంప నిర్మాణ ప్రమాణాల్లో నిజామాబాద్‌ జిల్లా రెండో జోన్‌లో, అంటే ఆ పటంలో ముప్పు అన్నింటికన్నా తక్కువగా ఉన్న ప్రాంతంలో ఉంది. ఇది ఊరట కలిగించే విషయమే. కానీ 1993లో లాతూరు ప్రాంతం ఇంతకన్నా సురక్షితమని భావించిన ఒకటో జోన్‌లో ఉండేదన్న సంగతి మరువరాదు. కిల్లారి అనుభవం తరువాతే పటాన్ని పునఃపరిశీలించి, 2002లో ఒకటో జోన్‌ను పూర్తిగా తొలగించి రెండో జోన్‌లో కలిపారు.

పొరుగు ప్రాంతాల్లో స్వల్ప ప్రకంపనలు కొత్తేమీ కావు. 2023 ఫిబ్రవరి 5న ఉదయం నిజామాబాద్‌కు వాయవ్యంగా 120 కిలోమీటర్ల దూరంలో 3.1 తీవ్రతతో భూమి కంపించినట్లు జాతీయ భూకంప అధ్యయన కేంద్రం నమోదు చేసింది. 2024 మార్చిలో మహారాష్ట్రలోని హింగోలి ప్రాంతంలో 4.5 తీవ్రతతో ప్రకంపనలు వచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 4న ఉదయం 7.27 గంటలకు ములుగు ప్రాంతంలో సంభవించిన 5.3 తీవ్రత గల భూకంపం హైదరాబాద్‌ వరకు జనాన్ని ఇళ్ల నుంచి బయటకు పరుగులు తీయించింది. అదృష్టవశాత్తు భారీ నష్టం జరగలేదు. దెగ్లూర్‌, బిలోలి, ధర్మాబాద్‌ ప్రాంతాలతో బంధుత్వాలు, వ్యాపారాలు నెరపే బోధన్‌ వాసులకు సరిహద్దు అవతలి ప్రకంపన పరాయిది కాదు.

నాడు చూసే కన్ను లేదు

కిల్లారి కూలిన నాటికి మన దేశానికి ఉపగ్రహాలు లేకపోలేదు. అప్పటి ఐఆర్‌ఎస్‌ ఉపగ్రహాల్లోని మేలైన కెమెరాకు కూడా నేలపై 36 మీటర్ల వెడల్పు, 36 మీటర్ల పొడవు గల స్థలం ఒకే ఒక చుక్కగా కనిపించేది. అంటే సుమారు 1,550 చదరపు గజాలు. పల్లెలో ఆ విస్తీర్ణంలో పది ఇళ్లు, మధ్యలో ఒక గల్లీ ఇమిడిపోతాయి. ఆ చుక్కలో ఏ ఇల్లు నిలిచిందో, ఏది కూలిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. కాబట్టి నాడు నష్టం లెక్క అంతా రెవెన్యూ సిబ్బంది, సైనికులు, స్వచ్ఛంద సేవకులు కాలినడకన తిరిగి తేల్చినదే. దారుణంగా దెబ్బతిన్న 52 గ్రామాలను పూర్తిగా వేరే చోటికి తరలించి పునర్నిర్మించారు.

పరిస్థితి 1995లో మారింది. ఆ ఏడాది డిసెంబరు 28న కక్ష్యలోకి చేరిన ఐఆర్‌ఎస్‌-1సి ఉపగ్రహంలోని నలుపు-తెలుపు కెమెరా 5.8 మీటర్ల స్పష్టతతో చిత్రాలు తీసింది. పౌర అవసరాలకు ఉపయోగపడే ఉపగ్రహాల్లో ఆనాడు ప్రపంచంలోనే అది మేటి. చుక్క పరిమాణం 40 చదరపు గజాలకు తగ్గింది. ఇల్లు ఒక మచ్చగానైనా కనిపించే దశకు విజ్ఞానం చేరుకుంది.

భుజ్‌లో అగ్నిపరీక్ష

2001 జనవరి 26న ఉదయం 8.46 గంటలకు దేశం గణతంత్ర వేడుకల్లో ఉండగా గుజరాత్‌లోని కచ్‌ ప్రాంతం 7.7 తీవ్రతతో కంపించింది. భుజ్‌, అంజార్‌, భచావు, రాపర్‌ పట్టణాలు అతలాకుతలమయ్యాయి. మూడు లక్షలకు పైగా ఇళ్లు నేలమట్టమయ్యాయి. అప్పట్లో జాతీయ రిమోట్‌ సెన్సింగ్‌ ఏజెన్సీగా ఉన్న బాలానగర్‌ సంస్థ శాస్త్రవేత్తలు భూకంపానికి ముందు, తరువాత తీసిన ఐఆర్‌ఎస్‌ చిత్రాలను పక్కపక్కన పెట్టి దెబ్బతిన్న ప్రాంతాలను గుర్తించారు. రణ్‌ ప్రాంతంలో నేల లోపలి నీరు, ఇసుక పైకి ఉబికివచ్చిన చోట్లు సైతం ఆ చిత్రాల్లో స్పష్టంగా కనిపించాయి.

ఒక మీటరు స్పష్టత గల అమెరికా ప్రైవేటు ఉపగ్రహం ఐకొనోస్‌ తీసిన భుజ్‌ చిత్రాలను విదేశీ నిపుణులు క్షేత్రస్థాయి వివరాలతో సరిపోల్చి చూశారు. పూర్తిగా కూలిన భవనాలను చిత్రాల్లో బాగానే గుర్తించగలిగారు. గోడలు చీలినా నిలబడి ఉన్న భవనాల విషయంలో మాత్రం చిత్రం మౌనం వహించింది. పాతికేళ్లు గడిచి కెమెరాలు ఎంతో మెరుగుపడినా ఈ సూత్రం నేటికీ ప్రధానంగా అలాగే నిలిచి ఉండటం గమనార్హం.

ముందు చిత్రం.. తరువాత చిత్రం

ఉపగ్రహంతో నష్టం లెక్కించే విధానంలో మొదటిది అందరికీ సులువుగా అర్థమయ్యేదే. భూకంపానికి ముందు తీసిన చిత్రాన్ని, తరువాతి చిత్రంతో పోల్చి చూస్తారు. నిలిచి ఉన్న ఇంటి కప్పు చిత్రంలో నాలుగు అంచులతో నున్నగా కనిపిస్తుంది. కూలిన ఇల్లు అంచులు చెదిరి, గరుకుగా, రాళ్లు పోసిన కుప్పలా కనిపిస్తుంది. శిథిలాలు రోడ్డుపైకి జారితే దారి సన్నబడినట్లు తెలుస్తుంది. బడి మైదానాల్లో, ఖాళీ స్థలాల్లో ఉన్నట్టుండి గుడారాలు వెలిస్తే చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలారని గ్రహిస్తారు.

ఇక నీడ చెప్పే సంగతి మరొకటి. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు 10 మీటర్ల ఎత్తు గల మూడంతస్తుల భవనం నీడ 10 మీటర్లే పడుతుంది. కింది అంతస్తు నలిగిపోయి పై అంతస్తులు దానిపై కూర్చుండిపోతే పైనుంచి కప్పు చెక్కుచెదరనట్లే ఉంటుంది. నీడ మాత్రం 7 మీటర్లకు కురచబడుతుంది. ఆ తేడాను బట్టి భవనం కుంగిందని పసిగడతారు. కింద షట్టర్ల దుకాణాలు, పైన నివాసాలు ఉండే భవనాలు నిజామాబాద్‌, బోధన్‌ ప్రధాన వీధుల్లో అడుగడుగునా కనిపిస్తాయి. గోడలు లేక స్తంభాలపైనే ఆధారపడే అటువంటి కింది అంతస్తులే భూకంపంలో ముందుగా కుంగే ప్రమాదం ఉంది.

ఇరాన్‌లోని బామ్‌ పట్టణం 2003 డిసెంబరు 26న నేలమట్టమైనప్పుడు జపాన్‌ నిపుణులు ఇదే పద్ధతిలో 12 వేలకు పైగా భవనాలను ఒక్కొక్కటిగా కంటితో పరిశీలించి శ్రేణులుగా విభజించారు. అక్కడివి పచ్చి ఇటుక ఇళ్లు. కూలినప్పుడు పొడిపొడిగా రాలి, లోపల గాలి ఆడే సందు కూడా మిగలక ప్రాణనష్టం ఎక్కువైంది. మట్టి గోడల పాత ఇళ్లు మిగిలి ఉన్న మన పల్లెలకూ ఇది హెచ్చరికే.

మన దేశం 2019 నవంబరు 27న ప్రయోగించిన కార్టోశాట్‌-3 ఉపగ్రహం నేలపై పాతిక సెంటీమీటర్ల వస్తువును సైతం గుర్తించగల సామర్థ్యం కలది. 2025 మార్చి 28న మయన్మార్‌ను 7.7 తీవ్రత గల భూకంపం కుదిపేసినప్పుడు, మరుసటి రోజే ఈ ఉపగ్రహం మాండలే, సగాయింగ్‌ నగరాల చిత్రాలు తీసింది. ఇరావడి నదిపై కూలిన వంతెన, దెబ్బతిన్న పగోడాలు, విశ్వవిద్యాలయ భవనాలను భూకంపానికి ముందటి చిత్రాలతో పోల్చి బాలానగర్‌ కేంద్రం విడుదల చేసింది.

మబ్బులను చీల్చే రాడార్‌

కెమెరాకు రెండు బలహీనతలు ఉన్నాయి. రాత్రి చూడలేదు. మబ్బు పడితే చూడలేదు. ఆషాఢ, శ్రావణ మాసాల్లో మంజీరా తీరంపై మేఘాలు కమ్ముకున్న వేళ భూకంపం వస్తే కార్టోశాట్‌ సైతం నిస్సహాయమే. ఆ లోటును రాడార్‌ ఉపగ్రహాలు తీరుస్తాయి. ఇవి తమంతట తాము రేడియో తరంగాలను నేలపైకి పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని నమోదు చేస్తాయి. వరదల సమయంలో ముంపు ప్రాంతాల పటాలు తయారుచేసేది కూడా ఈ ఉపగ్రహాలతోనే.

నిట్టనిలువు గోడ, దాని ముందున్న చదునైన నేల కలిసి రాడార్‌ తరంగానికి ఒక మూల అద్దంలా పనిచేస్తాయి. తరంగం నేలను తాకి, గోడను తాకి, వచ్చిన దారినే బలంగా వెనుదిరుగుతుంది. గోడ కూలితే ఆ మూల పోతుంది. తరంగం చెల్లాచెదురవుతుంది. ప్రతిధ్వని తీరు మారుతుంది. దీనికి మించిన సూక్ష్మ పద్ధతి మరొకటి ఉంది. ఒకే చోటును ఒకే కక్ష్య నుంచి రెండుసార్లు చూసినప్పుడు అక్కడి వస్తువులు కదలకుండా ఉంటే రెండు ప్రతిధ్వనులూ ఒకదానితో ఒకటి పొసగుతాయి. ఇటుక కదిలినా, కప్పు జారినా ఆ పొంతన దెబ్బతింటుంది. భూకంపానికి ముందు రెండు చిత్రాల మధ్య పొంతన బాగా ఉండి, భూకంపానికి అటూఇటూ తీసిన చిత్రాల మధ్య పొంతన పడిపోతే అక్కడ నష్టం జరిగిందని అనుమానిస్తారు. 2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియాలను కుదిపేసిన 7.8 తీవ్రత గల భూకంపం తరువాత అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఈ పద్ధతిలోనే నష్ట సూచిక పటాలను రూపొందించి సహాయ సంస్థలకు అందజేసింది.

భూమి ఎంత జరిగిందన్నది కూడా రాడార్‌ చెబుతుంది. యూరప్‌కు చెందిన సెంటినెల్‌-1 వాడే తరంగం పొడవు 5.6 సెంటీమీటర్లు. ఉపగ్రహం వైపు నేల 2.8 సెంటీమీటర్లు జరిగితే చిత్రంలో ఒక రంగుల వలయం ఏర్పడుతుంది. వలయాలు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడ నేల ఎక్కువగా వంగిందని అర్థం. 1992లో అమెరికాలోని లాండర్స్‌ భూకంపం విషయంలో తొలిసారి ఈ పద్ధతి ఫలించింది.

చెరకు తోటతో చిక్కు

ఈ పొంతన విధానాన్ని బోధన్‌ సీమకు వర్తింపజేయడంలో ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. పైరు ప్రతి రోజూ పెరుగుతుంది. గాలికి ఊగుతుంది. తడి కడితే నేల స్వభావం మారుతుంది. నరికితే పొలం రూపమే మారిపోతుంది. కాబట్టి భూకంపం ఊసే లేకపోయినా 12 రోజుల తేడాతో తీసిన రెండు రాడార్‌ చిత్రాల్లో చెరకు తోటలు, వరి మడులు పొంతన కోల్పోయి కనిపిస్తాయి. పటాన్ని యథాతథంగా చదివితే ఎడపల్లి, రెంజల్‌, కోటగిరి, వర్ని మండలాల్లో ఊళ్ల చుట్టూ ఉన్న పచ్చని పొలాలన్నీ నష్టపోయినట్లు ఎర్రగా అగుపిస్తాయి.

దీన్ని నివారించాలంటే ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఒక్కో ఇల్లు ఎక్కడుందో సరిహద్దులతో సహా ముందే పటంపై గుర్తించి ఉండాలి. పొలాల్లోని పంపుసెట్ల గదులు, బెల్లం గానుగల కొట్టాలు, చేలలో విడిగా ఉన్న ఇళ్లు పైరులో కలిసిపోయే అవకాశం మరీ ఎక్కువ. తరంగం పొడవు పెరిగే కొద్దీ ఆకులను దాటి నేలను చూసే శక్తి పెరుగుతుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన నిసార్‌ ఉపగ్రహం ఈ విషయంలో ఆశలు రేపుతోంది. ఇస్రో, నాసా సంయుక్తంగా రూపొందించిన ఈ ఉపగ్రహంలోని రెండు రాడార్లలో ఒకటి సుమారు 24 సెంటీమీటర్ల తరంగాన్ని వాడుతుంది. 12 రోజులకోసారి అదే కక్ష్యకు తిరిగివస్తుంది.

శక్కర్‌నగర్‌ది మరో సమస్య. 1937లో స్థాపించి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో లాకౌట్‌తో మూతపడింది. వాడుకలో లేని నిర్మాణాలు కాలక్రమంలో వాటంతటవే శిథిలమవుతాయి. పాత చిత్రం లేకుండా భూకంపం తరువాతి చిత్రం ఒక్కటే చూస్తే, ఎప్పుడో కప్పు రాలిన గది కూడా భూకంప నష్టం ఖాతాలో చేరుతుంది. ఏడాదికోసారైనా తాజా చిత్రం భద్రపరచడం ఎంత అవసరమో దీన్నిబట్టి విదితమవుతుంది.

ఆకాశానికి అందని నష్టం

భవన నష్టాన్ని ఇంజినీర్లు అయిదు శ్రేణులుగా విభజిస్తారు. సన్నని గీతల్లాంటి బీటలు మొదటి శ్రేణి. గోడల్లో పగుళ్లు, పెచ్చులూడటం రెండోది. పెద్ద పగుళ్లు, పెంకులు జారడం మూడోది. గోడలు విరిగి పాక్షికంగా కూలడం నాలుగోది. పూర్తిగా కూలడం అయిదోది. ఉపగ్రహం అయిదో శ్రేణిని నమ్మకంగా గుర్తిస్తుంది. నాలుగో శ్రేణిని కొంతమేర గుర్తిస్తుంది. మొదటి మూడు శ్రేణులు దాదాపు పూర్తిగా దాని దృష్టికి అందవు. ఎందుకంటే అది చూసేది కప్పును. బీటలు వారేది గోడ.

2010 జనవరి 12న హైతీ రాజధాని పోర్ట్‌ ఓ ప్రిన్స్‌ కుప్పకూలినప్పుడు ఈ పరిమితి తేటతెల్లమైంది. ఉపగ్రహ చిత్రాల్లో కనిపించిన నష్టం కన్నా విమానం నుంచి 15 సెంటీమీటర్ల స్పష్టతతో తీసిన చిత్రాల్లో ఎక్కువ నష్టం బయటపడింది. నేలపై తిరిగిన ఇంజినీర్లకు అంతకన్నా ఎక్కువ కనిపించింది. 2015 ఏప్రిల్‌ 25 నాటి నేపాల్‌ భూకంపం తరువాత ఇంజినీర్లు ఇంటింటికీ తిరిగి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చీటీలు అంటించారు. ఎరుపు ఉంటే లోపలికి వెళ్లరాదు. పసుపు ఉంటే జాగ్రత్తగా పరిమితంగా వాడుకోవచ్చు. ఆకుపచ్చ ఉంటే నివాసయోగ్యం. ఈ తీర్పు ఏ ఉపగ్రహమూ ఇవ్వలేదు. తొలి కంపానికి బీటలువారి నిలిచిన ఇల్లే తరువాతి ప్రకంపనకు కూలి ప్రాణాలు తీస్తుంది కనుక ఈ చీటీల విలువ అపారం.

రూ.1.20 లక్షలా.. రూ.6,500లా?

ఈ సాంకేతిక చర్చ అంతా చివరకు బాధితుడి చేతికందే పరిహారం వద్ద తేలుతుంది. 2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతాల్లో పూర్తిగా ధ్వంసమైన లేదా తీవ్రంగా దెబ్బతిన్న ఇంటికి రూ.1.20 లక్షలు చెల్లించాలి. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి రూ.6,500, కచ్చా ఇంటికి రూ.4,000 మాత్రమే అందుతాయి. రెండింటి మధ్య అంతరం లక్ష రూపాయలకు పైమాటే.

గోడలు నిలువునా చీలి, స్తంభాలు విరిగి, ఇక నివసించడానికి పనికిరాని ఇల్లు నిబంధన ప్రకారం తీవ్రంగా దెబ్బతిన్నదే. కప్పు నిలిచి ఉంది గనుక ఉపగ్రహ పటంలో అది క్షేమంగా ఉన్నట్లు నమోదవుతుంది. ఆ పటాన్నే తుది జాబితాగా పరిగణిస్తే అర్హుడైన బాధితుడు నష్టపోతాడు. మరోవైపు పటం పూర్తిగా లేకపోయినా నష్టమే. పలుకుబడి ఉన్న ఊరికి బృందం ముందు వెళ్లి, మారుమూల తండాకు వారం తరువాత వెళ్లే ప్రమాదం ఉంది. ఏ ఊరికి ముందు వెళ్లాలో పటం తేల్చాలి. ఏ ఇంటికి ఎంత ఇవ్వాలో ఇంజినీరు తనిఖీ తేల్చాలి. ఈ రెండు పనులను ఒకదానికొకటి కలపకుండా చూడటమే న్యాయమైన పద్ధతి.

ఇందులో మరో మెలిక ఉంది. పరిహారం పొందాలంటే ఆ ఇల్లు అధీకృత నిర్మాణమని సంబంధిత అధికారి ధ్రువీకరించాలి. తాతల నాటి ఇంటికి సరైన పత్రాలు లేని కుటుంబాలు పల్లెల్లో కోకొల్లలు. ఇంటి నంబరు, పన్ను రసీదు, గ్రామ పంచాయతీ రికార్డు సక్రమంగా ఉంచుకోవడం భూకంపానికే కాదు, వరదకు, గాలివానకు కూడా పనికివస్తుంది.

నల్లరేగడి బీటలు వేరు

మంజీరా ఆయకట్టులోని నల్లరేగడి నేలలు చెరకుకు, వరికి వరప్రసాదం. ఇళ్లకు మాత్రం అవి ఇబ్బందే. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే ఈ నేలపై పునాది లోతుగా లేని ఇంటి గోడలు భూకంపం లేకుండానే బీటలువారుతాయి. కిటికీల మూలల నుంచి ఏటవాలుగా సాగే ఈ పగుళ్లు వేసవిలో విచ్చుకొని వానాకాలంలో కొంత మూసుకుంటాయి. రేపు ప్రకంపన వస్తే ఏ బీట పాతది, ఏది కొత్తది అన్న వివాదం తలెత్తడం ఖాయం. ఇంటి నాలుగు గోడలను, స్తంభాలను, పాత బీటలను సెల్‌ఫోన్‌తో తేదీ పడేలా ఫొటోలు తీసి ఉంచుకుంటే ఆ వివాదానికి తావుండదు. ఖర్చు లేని ఈ పని ఏ ఉపగ్రహమూ చేయలేనిది.

యంత్రానికీ మన ఇల్లు నేర్పాలి

వేల ఇళ్లను కంటితో చూడటానికి రోజులు పడుతుంది. అందుకే ఇప్పుడు కంప్యూటరుకు నేర్పించి పని చేయిస్తున్నారు. వివిధ దేశాల్లో వరదలు, తుపాన్లు, భూకంపాలు, కార్చిచ్చులకు గురైన సుమారు 8.5 లక్షల భవనాల చిత్రాలను నష్టం శ్రేణులతో సహా గుర్తించి 2019లో అందరికీ అందుబాటులో ఉంచారు. వాటిని చూసి నేర్చుకున్న యంత్రం కొత్త చిత్రంలో కూలిన ఇళ్లను నిమిషాల్లో గుర్తిస్తుంది. అయితే అమెరికా చెక్క ఇల్లు చూసి నేర్చుకున్న యంత్రం మన గూన పెంకుటిల్లును, మట్టి మిద్దెను, రేకుల షెడ్డును సరిగా అర్థం చేసుకుంటుందన్న భరోసా లేదు. వానాకాలానికి ముందు పెంకులు దించి మరమ్మతు చేసుకుంటున్న ఇంటిని కూలిన ఇల్లుగా పొరబడవచ్చు. మన ఊళ్ల ఇళ్ల చిత్రాలతో నేర్పితేనే యంత్రం తీర్పుకు విశ్వసనీయత చేకూరుతుంది.

ఉపగ్రహానికీ, ఇంటింటి తనిఖీకీ నడుమ డ్రోన్‌ ఉపయోగపడుతుంది. అది తక్కువ ఎత్తులో ఎగురుతూ ఏటవాలుగా చూస్తుంది కాబట్టి కప్పుతో పాటు గోడలు కూడా చిత్రానికి అందుతాయి. ఒక ఊరిని గంటల వ్యవధిలో చుట్టిరావచ్చు. ఇంటి లోపలి స్తంభాన్ని మాత్రం అదీ చూడలేదు.

అంతర్జాతీయ స్థాయిలో సైతం సహకారం అందుబాటులో ఉంది. విపత్తు సమయంలో దేశాలు తమ ఉపగ్రహ చిత్రాలను ఉచితంగా పంచుకునే ఒప్పందానికి 1999లో యూరప్‌, ఫ్రాన్స్‌ అంతరిక్ష సంస్థలు శ్రీకారం చుట్టగా, ఇస్రో 2001లో అందులో చేరింది. చిత్రాల కొరత ఇక పెద్ద సమస్య కాదు. వాటిని చదివి, ఊరి పేరుతో, ఇంటి నంబరుతో జతచేసే స్థానిక సమాచారమే కొరతగా మిగులుతుంది. ఆ పని బాలానగర్‌లో జరిగేది కాదు. నిజామాబాద్‌ నగరపాలక సంస్థ, బోధన్‌ పురపాలక సంఘం, గ్రామ పంచాయతీల స్థాయిలో, విపత్తు రాకముందే జరగాలి.

ముందే చేసుకోదగినవి

* ఇంటి నంబరు, పన్ను రసీదు, యాజమాన్య పత్రాల నకళ్లను బంధువుల ఇంట్లోనో, సెల్‌ఫోన్‌లోనో భద్రపరచుకోవాలి.
* ఇంటి లోపల, బయట ఫొటోలు ఏడాదికోసారి తేదీతో తీసి ఉంచుకోవాలి. పాత బీటలు స్పష్టంగా కనిపించాలి.
* కింద దుకాణాలు, పైన నివాసాలు ఉన్న భవనాల్లో స్తంభాలను తొలగించడం, పలుచన చేయడం ఎంతమాత్రం తగదు.
* మట్టి మిద్దెలపై ఏటా కొత్త మట్టి పోస్తూ బరువు పెంచరాదు. కిల్లారిలో ప్రాణాలు తీసింది ఆ బరువే.
* రాతి గోడ కట్టేటప్పుడు గోడ మందమంతా పట్టే అడ్డరాళ్లను మధ్యమధ్య పెట్టాలి. మూలల వద్ద గోడలు ఒకదానితో ఒకటి ముడిపడాలి.
* ప్రకంపన తరువాత ఇల్లు నిలబడి ఉన్నా, కొత్త బీటలు కనిపిస్తే ఇంజినీరు చూసే వరకు లోపల నిద్రించరాదు.
* నష్టం జాబితాలో పేరు లేకపోతే ‘ఉపగ్రహ పటంలో కనిపించలేదు’ అన్న సమాధానంతో సరిపెట్టుకోకుండా, క్షేత్ర తనిఖీ కోరుతూ తహసీల్దారుకు లిఖితపూర్వకంగా దరఖాస్తు చేయాలి.